ఇసుకలో హీరో ఎవరు?

ఎడారి అనగానే మీకేం గుర్తొస్తుంది? నిజం చెప్పండి. భూగోళం పుస్తకంలో మాస్టారు గీయించిన పటమా, గుర్రం మీద దుమ్ము రేపుకుంటూ వచ్చే హీరోనా? రెండోదేనని నాకు తెలుసు. ఎడారిని మనం కళ్ళతో కన్నా తెరమీదే ఎక్కువ చూశాం. టిక్కెట్టు కొనుక్కుని, ఫ్యాను కింద కూర్చుని, పల్లీలు నములుతూ చూశాం. ఆ ఎండ మనకు తగల్లేదు. ఆ ఇసుక మన కంట్లో పడలేదు.

తెలుగు తెర మీద ఎడారి మాటెత్తితే ముందు తలుచుకోవాల్సింది "మోసగాళ్ళకు మోసగాడు"నే. 1971 ఆగస్టు 27న విడుదలైంది. కృష్ణ హీరో, విజయనిర్మల హీరోయిన్. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, రచన ఆరుద్ర, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. మద్రాసు స్టూడియోల్లో అట్టముక్కల కొండలు కడుతున్న రోజుల్లో, యూనిట్ మొత్తాన్నీ రాజస్థాన్ తీసుకెళ్ళి, బికనీర్ కోట దగ్గరా ఇసుక మేటల మీదా గుర్రాలను పరుగెత్తించారంటే మాటలా? టోపీ, తోలు చొక్కా, నడుముకు తుపాకీ... కౌబాయ్ అనేవాడు తెలుగు మాట్లాడతాడని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు!

ఇందులో తమాషా ఒకటుంది. మనవాళ్ళకి ఆ సరదా పుట్టించిన ఇంగ్లీషు కౌబాయ్ సినిమాల్లో చాలావాటిని తీసింది ఇటలీ వాడు, సెర్జియో లియోనె. ఆయన అమెరికా ఎడారి అంటూ మనకు చూపించినదాంట్లో ఎక్కువ భాగం స్పెయిన్ దేశంలోని అల్మేరియా ప్రాంతం. అంటే ఇటలీ వాడు స్పెయిన్‌ను చూపించి అమెరికా అన్నాడు. మనవాళ్ళు రాజస్థాన్‌లో తీసి తెలుగు కథ చెప్పారు. సినిమా ఎడారికి ఊరూ పేరూ ఉండవు సుమా! ఎవరిదైనా కావచ్చు, ఎక్కడిదైనా కావచ్చు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇహ అసలు కథకొద్దాం. 2023 మే 31న, కృష్ణ పుట్టినరోజుకి, ఆ సినిమాను కొత్త హంగులతో 4కె లో మళ్ళీ విడుదల చేశారు. ఆయన పోయింది అంతకు ముందు ఏడాది నవంబరులో. అభిమానులు కాగితాలు చల్లి, ఈలలు వేసి, తొలిరోజు ఆటలాగే చూశారు. మా మేనల్లుడు, వాడి దోస్తులిద్దరూ ఇబ్రహీంపట్నం నుంచి సిటీకి పోయి మరీ చూసొచ్చారు. ఆ సినిమా వచ్చిన నాటికి వీళ్ళ నాన్నలే పుట్టలేదు. అయినా అప్పట్నుంచీ ఒకటే గోల.

"మామా, ఒక్కసారన్న ఎడారి చూడాలె. గంతే."

రాజస్థాన్ అంటే మాటలు కాదు. రైలు ఖర్చు, తిండి ఖర్చు, పైగా ఇంట్లో పెద్దవాళ్ళ అనుమతి. అన్నట్టు మా ఇబ్రహీంపట్నానికి దగ్గర్లోనే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. 1996లో మొదలైంది, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. కోట కావాలంటే కోట, రైల్వే స్టేషన్ కావాలంటే రైల్వే స్టేషన్ అక్కడ తయారు. "అదే చూసి సరిపెట్టుకోండ్రా" అన్నాను. "సెట్టు గాదు మామా, అసలుది కావాలె" అన్నారు ముగ్గురూ.

అప్పుడు చెప్పాను. అసలైనది కాకపోయినా దానికి వేలువిడిచిన చుట్టం మన తెలుగునేల మీదే ఉందని.

అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని కణేకల్లు, బొమ్మనహాళ్ అని రెండు మండలాలున్నాయి. వేదవతి నది ఆ పక్కనుంచే పోతుంది. కర్ణాటకలో బాబాబుడన్ కొండల్లో పుట్టి, ఇటొచ్చేసరికి హగరి అని పేరు మార్చుకుని, చివరికి తుంగభద్రలో కలుస్తుంది. నది అన్నానని పడవలూ రేవులూ ఊహించుకోకండి. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుక నది. ఆ ఇసుక గాలికి లేచి, ఒడ్డు దాటి, పొలాల మీద దిబ్బలు దిబ్బలుగా కూర్చుంది. వాటికోసం కుర్రాళ్ళు జైసల్మేరు దాకా పోనక్కర్లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మధ్యతరగతి ఇంట్లో ఉత్త షికారుకు పోతామంటే ఎవరొప్పుకుంటారండీ? ప్రయాణం అన్న మాట వినపడగానే ఇల్లంతా పనులు పుట్టుకొచ్చాయి. మా బావకు ఇబ్రహీంపట్నంలో రెడీమేడ్ బట్టల కొట్టుంది. ఆషాఢం కదా, శ్రావణం పెళ్ళిళ్ళకు సరుకు తెచ్చిపెట్టుకోవాలి. "ఎట్లాగూ రాయదుర్గం మీంచే పోతున్రు, జీన్స్ ప్యాంట్ల మూట పట్కరాండ్రి" అన్నాడు. మా అక్క "ఆడ పల్లీలు మంచిగుంటయట, పది కిలోలు" అంది. పక్కింటి పెద్దాయన తన మనవరాలి పెళ్ళి శుభలేఖ తెచ్చాడు. కణేకల్లులో ఆయన పాత స్నేహితుడొకరున్నాడట. "పోస్టులో పంపితే మర్యాద గాదు బిడ్డా, చేతికియ్యాలె" అన్నాడు. ఇన్ని పనుల చివర, చిన్నక్షరాల్లో, ఎడారి చూడ్డం.

కుర్రాళ్ళ పట్టీ వేరే. మూడు నల్ల కళ్ళద్దాలు, ఒక కౌబాయ్ టోపీ (ముగ్గురికీ కలిపి ఒకటే, వంతులవారీగా), మెడకు కట్టుకునే ఎర్రగుడ్డ, ఫోనుకు స్టాండు. నీళ్ళ సీసా మాత్రం ఎవరూ పెట్టుకోలేదు. అది నేను పెట్టాను.

రాత్రి సిటీలో బస్సెక్కి, తెల్లారేసరికి అనంతపురంలో దిగాం. అక్కణ్ణించి కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం. కిటికీలోంచి చూస్తే బండరాళ్ళ గుట్టలు, ఎర్రమట్టి, మధ్యమధ్య వేరుశనగ చేలు. ఈ జిల్లాకు సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని పేరు పడిపోయింది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ముందే పిండేసుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతాయి. రెండు వైపుల చుట్టాలూ గుమ్మం దాకా వచ్చి, పలకరించకుండా వెళ్ళిపోయినట్టుంటుంది అనంతపురం సంగతి. ఇలాంటి జిల్లా మనకేమిచ్చిందంటారేమో. తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డిని ఇచ్చింది. "పాతాళభైరవి", "మాయాబజార్" తీసిన ఆయన ఈ నేల బిడ్డే. అంతకంటే ఏం కావాలి?

రాయదుర్గంలో దిగగానే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నీళ్ళలో తడిపి, పిండి, పప్పులపొడి చల్లి తాలింపు పెడతారు. మా మేనల్లుడు ప్లేటు చూసి "గివి ముర్మురాలే గద మామా" అన్నాడు. రెండో ప్లేటు తినేటప్పుడు మాత్రం పేరు గురించి మాట్లాడలేదు. హోటలాయన మాతో తెలుగు, వెనక బల్ల వాళ్ళతో కన్నడం, గల్లాపెట్టెతో రెండూ మాట్లాడుతున్నాడు. సరిహద్దు ఊరి అందం అదే.

ఊరి మీదికి చూస్తే కొండ, కొండ మీద పాతకోట. కింద సందుల్లోకి పోతే కుట్టుమిషన్ల చప్పుడు. రాయదుర్గం జీన్స్ ఊరు. ఒకింట్లో కత్తిరింపు, ఇంకో ఇంట్లో కుట్టు, మరో ఇంట్లో బొత్తాలూ జిప్పులూ. పక్కనే ఉన్న బళ్ళారిదీ ఇదే వ్యాపారం. వానను నమ్ముకోలేని చోట జనం మిషన్‌ను నమ్ముకున్నారు. మొగుడు పొలం నుంచి వచ్చేలోపు ఇల్లాలు డజను ప్యాంట్లకు జేబులు కుట్టేస్తుంది. ఏ ఏడు చేను ఎండిపోయినా, ఆ జేబులే ఇంటికి జేబు.

ఇక్కడ మా కుర్రాళ్ళకో సంగతి చెబితే గంతేశారు. జీన్స్ అసలు సినిమా వాళ్ళ కోసం పుట్టలేదు. అమెరికాలో గనుల్లో పనిచేసే కూలీల ప్యాంట్లు బరువుకు జేబుల దగ్గర చిరిగిపోతుంటే, జేకబ్ డేవిస్ అనే దర్జీ ఆ మూలల్లో రాగి రివెట్లు కొట్టాడు. బట్టల వ్యాపారి లీవై స్ట్రాస్‌తో కలిసి 1873లో దానికి పేటెంటు తీసుకున్నాడు. కూలీలది, పశువుల కాపరులది ఆ బట్ట. కౌబాయ్ అంటే మరేమిటి, పశువులు కాచేవాడే కదా! తెర మీదికొచ్చాక హీరోదైంది. ఇవాళ కరువు జిల్లాలో కుట్టి, శ్రావణం పెళ్ళిళ్ళకు ఇబ్రహీంపట్నం పెళ్ళికొడుకుల కాళ్ళకెక్కుతోంది. మూట కట్టించి, డబ్బులిచ్చి, సాయంత్రం తీసుకుంటామని కొట్లోనే పెట్టి బయల్దేరాం.

పల్లీల కొట్టు దగ్గర ఇంకో వినోదం. "పల్లీలు పది కిలోలు" అంటే కొట్టాయన మొహం మొహం చూశాడు. "చెనక్కాయిత్తనాలా? అట్ల చెప్పాల గదప్పా!" అన్నాడు. ఒకటే భాష, ఒకటే గింజ, మధ్యలో ఒక రాత్రి బస్సు.

కణేకల్లులో శుభలేఖ ఇచ్చాం. ఆ పెద్దాయన మజ్జిగ తాగించకుండా వదల్లేదు. "ఇంత దూరం కార్డు ఇచ్చేకే వచ్చినారా?" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఎడారి కోసం వచ్చామని చెప్పబోయిన మా వాడి కాలు నేను తొక్కాను. ఆ క్షణంలో ఆయనకు ఆ కార్డే ముఖ్యం. ఉండనివ్వండి.

ఊరు దాటాక మొదట కనపడింది పచ్చదనం! తుంగభద్ర డ్యామ్ నుంచి వచ్చే ఎగువ కాలువ ఈ పక్కనుంచే పోతుంది. కాలువ కింద నేల వరికి సిద్ధమవుతోంది. "మామా, ఇదేం ఎడారి? గోదావరి జిల్లా లెక్క ఉంది" అని నీరసపడ్డారు కుర్రాళ్ళు. ఆటోవాడు నవ్వి, బొమ్మనహాళ్ మండలం వైపు, గోవిందవాడ, దర్గాహొన్నూరు ఊర్ల దిక్కుగా తిప్పాడు. ఇంకాసేపటికి రోడ్డు పక్కన ఇసుక మొదలైంది. ముందు పలచగా, తర్వాత మోకాలెత్తు, ఆ తర్వాత దిబ్బ. దిబ్బ వెనక దిబ్బ.

మా వాళ్ళ కేకలు వినాలి! టోపీ పెట్టుకుని ఒకడు పైకి పరుగు, వాడి వెనక ఇంకొకడు, మూడోవాడు ఫోను పట్టుకుని "యాక్షన్!" ఏమాటకామాటే చెప్పుకోవాలి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. గాలి గీసిన గీతలు నీటి అలల్లా ఒకదాని పక్కన ఒకటి. కానీ మొదటి టేక్ అయ్యేసరికే చిక్కొచ్చింది. హీరో పరుగెత్తిన అడుగులు ఇసుకలో పడ్డాయి. రెండో టేక్‌కి "ఎవరూ అడుగుపెట్టని ఎడారి" ఎక్కడిది? ఎడారిలో షూటింగు చేసే ప్రతి యూనిట్‌కీ ఇదే తలనొప్పి. ఒక్క తప్పటడుగు పడితే కెమెరా ఇంకో దిబ్బకు మోసుకుపోవాల్సిందే. ఇంకొక సంగతి, మిట్టమధ్యాహ్నం దిబ్బలు తెల్లకాగితంలా చప్పగా కనిపిస్తాయి. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితేనే నీడలు లేచి గీతలు కనబడేది. కెమెరామన్లు ఆ రెండు పూటల కోసం రోజంతా కాచుక్కూర్చునేది అందుకే.

ఇంతలో మా మేనల్లుడికి మంచి ఫ్రేమ్ దొరికింది. వెనక పెద్ద దిబ్బ, పైన ఆకాశం, మధ్యలో హీరో. ఒక్కటే లోపం. దిబ్బ అంచున వరసగా ఎండు కంపలు పాతి ఉన్నాయి. మోకాలెత్తున్నాయి, వంకరటింకరగా ఉన్నాయి.

"గా కంపలు రెండు పీకేద్దాం మామా, ఫ్రేమ్ ఖరాబైతాంది" అంటూ చెయ్యి వేశాడు.

"పీకాకు నాయనా!"

ఎక్కణ్ణించి వచ్చిందో ఒక ముసలమ్మ. చంకలో ఇంకో కంపల మోపు. పరుగెత్తుకుంటూ వచ్చి ఆ కంపకూ వాడికీ మధ్య నిలబడింది. తిట్టలేదు. రొప్పుతోంది.

"దాన్ని పీకితే నా చేను పోతాది నాయనా" అంది.

చేనా? ఎక్కడుంది చేను? అప్పుడు చూశాం కంపల వెనక్కి. ఇసుకకు అవతల పల్లంలో అరెకరమో ముప్పాతికో నేల. అందులో వేలెడంత వేరుశనగ మొలకలు. కంపల వరసకు ఇవతల మేం నిలబడ్డది ఎడారి. అవతల ఆమె కుటుంబం. మధ్యన ఉన్నది, మా ఫ్రేమ్‌ను ఖరాబు చేస్తున్న ఆ ఎండు ముళ్ళకంప.

"యా ఊరప్పా మీది?" అనడిగింది ఊపిరి తీసుకుని. చెప్పాం. "ఈ ఇసకను చూసేకి అంత దూరం నుంచి వచ్చినారా?" అని ఆశ్చర్యపోయింది. ఆ మాటలో ఎగతాళి లేదు. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. పోయినేడు వేసిన మొలకలు మళ్ళీ వేయాల్సి వచ్చిందట. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక లేత ఆకుల్ని కోసేసిందట, మిగిలినవాటిని కప్పేసిందట. పక్క చేనాయన ఇసుక తోడించి తోడించి, ఇక చేతకాక వదిలేసి బెంగుళూరు పనికి పోయాడట. ఆయన చేనేదీ అంటే, మేం ఫొటోలు దిగిన దిబ్బను చూపించింది.

కుర్రాళ్ళు ముగ్గురూ ఒక్కసారి కాళ్ళకింద చూసుకున్నారు.

"అవ్వా, మేం ఫొటో తీస్కొని పోతం, అంతే" అన్నాడు మావాడు మెల్లగా.

"మీరు పోతారు నాయనా. గాలి యాడికి పోతాది?" అంది.

నేను చాలా సినిమాలు చూశాను. ఇంత చిన్న డైలాగు ఇంత గట్టిగా తగలడం ఎప్పుడోగానీ చూడలేదు.

ఇసుక ఎలా నడుస్తుందో ఆ గాలిలో కళ్ళారా చూశాం. రేణువు ఎగిరిపోదు, గెంతుతుంది. ఒకటి గెంతి కిందపడ్డప్పుడు ఇంకో రెంటిని తట్టి లేపుతుంది. అవి మరికొన్నింటిని. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఎక్కి, శిఖరం మీదికెళ్ళి, అవతలి నిటారు వైపు జారిపడతాయి. ఇలా జారిజారి దిబ్బ మొత్తం అడుగడుగూ ముందుకు జరుగుతుంది. నైరుతి గాలి బలంగా వీచే జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ నడక ఎక్కువ. అసలు కిటుకు ఇక్కడుంది. ఈ గెంతే ఇసుకలో ఎక్కువ భాగం నేలకు మోకాలెత్తు లోపే పోతుంది. కాబట్టి దాన్ని ఆపడానికి కోటగోడ అక్కర్లేదు. గాలి వేగాన్ని కాస్త విరగ్గొట్టే మోకాలెత్తు కంప చాలు. గాలి నెమ్మదిస్తే చేతిలో ఉన్న ఇసుకను అక్కడే దించేసి పోతుంది. జోధ్‌పూర్‌లో 1959 నుంచి పనిచేస్తున్న కేంద్ర మెట్టప్రాంత పరిశోధనా సంస్థ రాజస్థాన్ దిబ్బల మీద చేయిస్తున్నదీ ఈ సూత్రం మీదే. ముందు వరసలుగా కంప, దాని చాటున గడ్డి, చెట్లు. ఆ ముసలమ్మ ఏ సంస్థకూ పోలేదు. చూసి నేర్చుకుంది, పోగొట్టుకుని నేర్చుకుంది.

నిజానికిది పూర్తి ఎడారి కాదు. ఏడాదికి 250 మిల్లీమీటర్లలోపు వాన పడే చోటును ఎడారి అనడం వాడుక. జైసల్మేరులో దాదాపు 200 పడుతుంది. ఇక్కడ అంతకు రెట్టింపు పైనే. మరి దిబ్బలెందుకొచ్చాయి? నది ఎండి ఇసుక ఆరుబయట పడింది, గాలికి అడ్డు లేదు, పట్టి ఉంచే చెట్టూ గడ్డీ చాలినంత లేవు. ఈ మూడూ కలిస్తే వాన పడే చోట కూడా ఎడారి బిడారు దించుతుంది. ఎగువన కర్ణాటకలో 1907లో కట్టిన వాణీవిలాస సాగరం ఉంది. అది 1933లో ఒకసారి నిండి పొర్లి, మళ్ళీ పొర్లింది ఎప్పుడో తెలుసా? 2022లో! ఎనభై తొమ్మిదేళ్ళు! ఇటు ఆంధ్రలో భైరవానితిప్ప ప్రాజెక్టు. ఎవరి నీళ్ళు వాళ్ళకవసరమే, కాదనలేం. కానీ దిగువన ఉన్న నది మాత్రం ఏళ్ళ తరబడి నీళ్ళ బదులు ఇసుకనే మోసింది.

ఎడారిలో మనిషి కథ చెప్పిన సినిమాలు లేకపోలేదు. మలయాళ దర్శకుడు బ్లెస్సీ తీసిన "ఆడుజీవితం" 2024లో తెలుగులోనూ వచ్చింది. గల్ఫుకు పోయి, ఇసుక మధ్య గొర్రెల కాపరిగా చిక్కుపడిన కూలీ కథ. పృథ్వీరాజ్ హీరో. జోర్డాన్ ఎడారిలో షూటింగులో ఉండగా 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి, యూనిట్ యాభై ఎనిమిది మంది అక్కడే ఆగిపోయారు. మే నెలలో గానీ ఇల్లు చేరలేదు. ఆ సినిమా చూసినప్పుడు మా మేనల్లుడు "షాట్లు మస్తున్నయ్" అన్నాడు. రాయదుర్గం నుంచి తిరిగొస్తూ బస్సులో, అడక్కుండానే, "మామా, గా సినిమాల ఆయన కాళ్ళు గుర్తున్నయా?" అన్నాడు. పగిలిన కాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు వాడికవి కనపడలేదు. చూపు మారితే పాత సినిమా కూడా కొత్త సినిమా అవుతుంది.

ఆ కంపల దగ్గర తర్వాత ఏం జరిగిందో చెప్పలేదు కదూ. మావాడు టోపీ తీసి ఆటోలో పెట్టాడు. ముగ్గురూ కలిసి ఆ ముసలమ్మ చంకలో మోపు అందుకుని, ఆమె చెప్పిన చోటల్లా గుంట తీసి కంప పాతారు. గంటసేపు. ముళ్ళు గుచ్చుకున్నాయి, నల్ల కళ్ళద్దాల్లోకి ఇసుక దూరింది, ఎర్రగుడ్డ చివరికి వేలికి కట్టు అయింది. ఆమె చెంబుతో నీళ్ళిచ్చింది. ఫొటో మాత్రం తీసుకున్నారు. అందులో హీరో లేడు. ముందు వరసలో కంప, వెనక దిబ్బ, మూలగా వేరుశనగ మొలకలు. ముగ్గురూ ఆ ఫొటోకు పెట్టుకున్న పేరేమిటంటే, "హీరో ఎంట్రీ".

ఇప్పుడు మా ఊరి మాట. ఇబ్రహీంపట్నం అనంతపురం కాదు, మాకు ఇసుక దిబ్బలు లేవు. కానీ ఎండు మాకు కొత్త కాదు. గోల్కొండనేలిన ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) కాలం నాటి పెద్ద చెరువు మా ఊరికి పేరు, నీరు, పరువు. అదే చెరువు ఏళ్ళ తరబడి నెర్రెలిచ్చి పడుంటే, ఆ అడుగున క్రికెట్ ఆడుతూ పెరిగినవాళ్ళు మా ఊళ్ళో ఎందరో. 2020 తర్వాతి మంచి వానలకు అందులో నీళ్ళు తిరిగి కళకళలాడితే, కట్ట మీదికి జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. నీళ్ళతో సెల్ఫీలు! చెరువు కట్టంటే ఏమిటి మరి? వచ్చిన నీటిని పోనివ్వకుండా ఆపే మట్టి వరస. అక్కడ ముసలమ్మ కంప ఇసుకను రానివ్వదు, ఇక్కడ కట్ట నీటిని పోనివ్వదు. రాజు కట్టినా, ముసలమ్మ కట్టినా, పని ఒకటే. ఎవరో ఒకరు ఏటేటా దాన్ని చూసుకోవాలి. చూసుకోవడం మానేసిన చోటికి ఎడారి తనంతట తనే వస్తుంది. పిలవక్కర్లేదు.

ఎడారిలో లొకేషన్ అన్నది లేదు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. తెర మీద ఊరూ పేరూ లేకుండా కనపడే ప్రతి ఇసుక దిబ్బ కిందా ఏదో ఒక ఊరుంటుంది, ఎవరిదో ఒక పేరుంటుంది. సినిమా చూడండి, ఈలలు వేయండి, కాగితాలు చల్లండి, ఎవరొద్దన్నారు? నేనూ వేస్తాను. హీరో గుర్రం దిబ్బ దాటేటప్పుడు ఒక్కసారి ఫ్రేము మూలకు చూడండి, అంతే. అక్కడెక్కడైనా ఎండుకంప కనపడిందా?

ఈ వ్యాసం చదివి అనంతపురం బయల్దేరే వీరులకు నాలుగు ముక్కలు. ఆషాఢంలో పోతే గాలి చూస్తారు, కళ్ళకు అద్దాలు, నోటికి గుడ్డ తప్పనిసరి. మనిషికి రెండు సీసాల నీళ్ళు పెట్టుకోండి. ఫొటోలకు పొద్దున్నే గానీ, సాయంత్రం నాలుగు దాటాక గానీ పొండి. దిబ్బల మీదికి మోటారుసైకిళ్ళు ఎక్కించకండి, ఉన్న కాస్త గడ్డీ పోతుంది. రాయదుర్గంలో ప్యాంటు కొనేటప్పుడు బేరం ఆడండి గానీ మరీ ఆడకండి. చెనక్కాయిత్తనాలు అని అడగండి. కంప కనపడితే పక్కనుంచి పొండి. దగ్గర్లో ఎవరైనా మోపుతో కనపడితే... ఏం చెయ్యాలో మా మేనల్లుడు చేసి చూపించాడు కదా.

అన్నట్టు ప్యాంట్ల మూట విప్పితే అడుగున గుప్పెడు ఇసుక. మా బావ "ఇదేందిరా?" అన్నాడు. "ఉచితం" అన్నారు ముగ్గురూ.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.